వాయిదా ఎవరి ఊర్లో?

(భాగం 17)



పోయిన భాగం ఉచిత న్యాయ సహాయం మీద రాశాను. దాని మీద మొన్న ఒక హాస్టల్లో స్టడీ సర్కిల్ పెట్టుకున్నప్పుడు, లా రెండో సంవత్సరం చదివే ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు. "అక్కా, పిల్లల కస్టడీ కేసంటే తల్లికివ్వాలా తండ్రికివ్వాలా అన్నదే కదా. ఏ కోర్టులో నడిస్తే ఏముంది? చట్టం అన్ని కోర్టుల్లో ఒక్కటే కదా?"

చట్టం ఒక్కటే తమ్ముడూ. బస్సు ఒక్కటి కాదు. కూలి ఒక్కటి కాదు. కోర్టు వరండాలో నీ పక్కన నిలబడే మనుషులు ఒక్కటి కాదు. ఈ భాగమంతా నీకు జవాబే అనుకో.

మా చెల్లె కేసు చెప్తాను. ఆమెను అడిగే రాస్తున్నా. "ఊరు పేర్లు, మనుషుల పేర్లు వద్దక్కా, మిగిలినదంతా రాయి, ఎవరికన్నా పనికొస్తది" అంది. కాబట్టి ఇందులో రెండే జిల్లాలు ఉంటాయి: మా జిల్లా, ఆయన జిల్లా. రెంటికీ మధ్య 210 కిలోమీటర్లు.

మా చెల్లెది కులాంతర వివాహం. ప్రేమించి చేసుకున్నదే. ఆయన మాదిగ కాదు. ఏ కులమో చెప్పాల్సిన పని లేదు, మీరు ఊహించుకునే కులాల్లో ఏదైనా సరిపోతుంది. మూడేళ్ళు కాపురం చేశారు. పాప పుట్టింది. ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిన కథే: ఇంట్లో వేరే గ్లాసు, వేరే పళ్ళెం, "నీ మూలంగా చెల్లెలి పెళ్ళి ఆగిపోతోంది" అనే మాటలు, చివరికి చెయ్యి చేసుకోవడం. 2022 జూన్‌లో రెండున్నరేళ్ళ పాపను చంకనేసుకుని మా అవ్వ దగ్గరికి, మా వాడకు వచ్చేసింది. ఏడాదిన్నర ఆయన వైపు నుంచి ఫోన్ లేదు, పాపకు ఒక గౌను లేదు. 2024 సంక్రాంతి పోయిన పది రోజులకు కోర్టు నోటీసు వచ్చింది. ఆయన జిల్లా కోర్టు నుంచి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఓపీ వేశాడు. బిడ్డను తనకప్పగించాలని.

అప్పటికి పాపకు నాలుగేళ్ళ రెండు నెలలు. ఈ వయసు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు వాయిదా లెక్క చెప్తాను. మా ఊరి నుంచి తెల్లారుజామున నాలుగున్నరకు మొదటి బస్సు. అది దిగి ఇంకో బస్సు. అది దిగి ఆటో. కోర్టు చేరేసరికి పదిన్నర. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ కాబట్టి ఆమెకు చార్జీ లేదు. మంచిదే. ఆ పథకం లేకపోతే మా చెల్లె రెండో వాయిదాకే చేతులెత్తేసేది. కానీ తోడు వెళ్ళే మా బాబాయి కొడుకుకు టికెట్ ఉంది, పోను రాను 600. ఆటోకూ తిండికీ ఇద్దరికీ ఒక 250. తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు, కాబట్టి మర్నాడు కూడా పత్తి ఏరడానికి పోలేదు. రెండు రోజుల కూలి 800. మొత్తం 1,650. టికెట్ జీరో, కూలి కూడా జీరో.

అదంతా పెట్టుకుని పోతే ఏం జరుగుతుంది? జడ్జిగారు సెలవు. ఇంకో నెల వాయిదా. మరోసారి అవతలి వకీలు టైమ్ అడుగుతాడు. ఇంకో నెల. మరోసారి కౌంటర్ వేయడానికి మనకే టైమ్ కావాలి. మొత్తం తొమ్మిది వాయిదాలు పడితే మా చెల్లె ఆరింటికి వెళ్ళింది. ఆ ఆరింటిలో కేసు నిజంగా విన్నది రెండుసార్లు. రాని మూడుసార్లూ ఆమె గుండెల్లో ఒకటే దడ, ఎక్స్‌పార్టీ చేస్తారేమోనని. అంటే మనం లేకుండానే, మన మాట వినకుండానే కేసు నడిపించేసి తీర్పు చెప్పేస్తారేమోనని.

పోయినప్పుడు మాత్రం సుఖమా? వరండాలో ఆయన వైపు పదిమంది. మేనమామ, పెద్దనాన్న కొడుకులు, ఊరి పెద్దమనిషి ఒకాయన. ఆ ఊళ్ళో వకీళ్ళందరూ వాళ్ళకు ఏదో ఒక వరసలో తెలిసినవాళ్ళే. మా వైపు ఇద్దరం. ఒకసారి ఆ పెద్దమనిషి మా చెల్లె దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "ఏమ్మా, ఎందుకింత తిరుగుడు? పిల్ల మా ఇంటి పిల్ల. మాకిచ్చేసి నీ బతుకు నువ్వు బతుకు" అన్నాడు. బెదిరించలేదు, గొంతు పెంచలేదు. ఆ మాటకు కేసు పెట్టగల సెక్షన్ ఏదీ లేదు. కానీ ఆ రోజు రాత్రి బస్సులో మా చెల్లె నాకు ఫోన్ చేసి, "అక్కా, ఇచ్చేయమంటవా?" అని అడిగింది.

తమ్ముడూ, ఏ కోర్టులో నడిస్తే ఏముంది అన్నావు కదా. ఇదుంది. దూరం ఒక ఆయుధం. ఎదుటి మనిషి కేసు గెలవక్కర్లేదు, మనం అలిసిపోతే చాలు.

ఇంక ఓపీలో ఏం రాశారో చూడండి. చట్టం ప్రకారం కస్టడీలో అన్నిటికన్నా పైన చూడాల్సింది బిడ్డ క్షేమం. హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956, సెక్షన్ 13 అదే చెప్తుంది. అదే చట్టం సెక్షన్ 6 తండ్రిని సహజ సంరక్షకుడని, ఆయన తర్వాత తల్లి అని చెప్తూనే, అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా చెప్తుంది. ఆ "తర్వాత" అన్న మాటకు తండ్రి చనిపోయిన తర్వాతే అని అర్థం తీయక్కర్లేదు, ఆయన లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా తల్లే అని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ కోడ్ బిల్లును అడ్డుకున్నారని బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసిన సంగతి మనకు తెలుసు. ఆ బిల్లును ముక్కలు చేసి 1955, 56లలో తెచ్చిన నాలుగు చట్టాల్లో ఇదొకటి. తండ్రి ముందు, తల్లి తర్వాత అనే వరస అందులో ఇంకా అలాగే ఉంది.

మరి ఆ ఓపీలో బిడ్డ క్షేమం గురించి ఏం రాశారు? "మైనర్ బాలిక అనారోగ్యకరమైన, చదువు సంస్కారం లేని పరిసరాల్లో పెరుగుతున్నది" అని రాశారు. కులం పేరు ఎక్కడా లేదు. కానీ ఆ పరిసరాలంటే ఏమిటి? మా వాడ. మా అవ్వ ఇల్లు. నేను పుట్టి పెరిగి, ఎం.ఏ. చదివి, ఇవాళ మీకు ఇది రాస్తున్న ఇల్లు. క్షేమం అనే మంచి మాటలోకి కులం ఇట్లా చెప్పులిప్పి, చప్పుడు చేయకుండా నడిచొస్తుంది. ఆ మాటను ఆయన ఊళ్ళో, ఆయన మనుషుల మధ్య కొట్టేయించడం వేరు, మా వాడను రోజూ చూసే చోట కొట్టేయించడం వేరు.

సరే, చేసిందేమిటో చెప్తాను. యాక్టివిస్టులు ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా చదవండి.

దారులు రెండున్నాయి. రెండూ ఒకటే అనుకుని కలిపేసేవాళ్ళు చాలామంది.

మొదటి దారి: "ఈ కేసు వినే అధికారమే ఈ కోర్టుకు లేదు" అనడం. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది, బ్రిటిష్ వాళ్ళ కాలంది. కానీ దాని సెక్షన్ 9లో ఒక మంచి మాట ఉంది. బిడ్డ సంరక్షణ కేసు, ఆ బిడ్డ మామూలుగా నివసించే చోటు మీద అధికారం ఉన్న జిల్లా కోర్టులోనే వేయాలి. తండ్రి ఉండే చోటు కాదు, పెళ్ళి జరిగిన చోటు కాదు. బిడ్డ ఉండే చోటు. కుటుంబ కోర్టు ఉన్నచోట ఆ కోర్టు వింటుంది, కానీ చోటు లెక్క మాత్రం ఇదే.

"మామూలుగా నివసించడం" అంటే ఏమిటనే దానిపై 2011లో రుచి మజూ కేసు ఉంది. అమెరికాలో ఉండి వచ్చిన దంపతులు, బిడ్డ తల్లితో ఢిల్లీలో ఉంది. ఢిల్లీ కోర్టుకు అధికారం లేదని హైకోర్టు అంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బిడ్డ ఎక్కడ ఉంటోంది, ఏ ఉద్దేశంతో ఉంటోంది అన్నది వాస్తవాల మీద తేల్చాల్సిన సంగతి అని చెప్పింది. వాస్తవాలంటే రుజువులు. మన దగ్గర రుజువులేముంటాయి, మనకు రిజిస్టర్డ్ లీజులుంటాయా, కరెంటు బిల్లులుంటాయా అని దిగులు పడకండి. మా చెల్లె దగ్గర ఏమున్నాయో చూడండి. పాప టీకాల కార్డు. పీహెచ్‌సీ ఓపీ చీటీలు. ఇక అన్నిటికన్నా గట్టిది అంగన్‌వాడీ రిజిస్టర్. మూడేళ్ళ దాకా బాలామృతం ప్యాకెట్లు తీసుకున్న సంతకాలు, మూడేళ్ళు దాటాక రోజుకో గుడ్డు పెట్టినట్టు పేరు ఎదురుగా టిక్కులు. ఏడాదిన్నర పాటు రోజూ ఒక గుడ్డు మా వాడలో తిన్న పిల్ల 210 కిలోమీటర్ల అవతల మామూలుగా నివసించిందని ఎవరు చెప్పగలరు? అంగన్‌వాడీ టీచర్ నకలు మీద సంతకం పెడుతూ, "నా రిజిస్టర్ ఇన్నేళ్ళకు కోర్టుకెక్కుతోంది" అని నవ్వింది.

ఈ అభ్యంతరం మొదటి అవకాశంలోనే, కౌంటర్లోనే చెప్పాలి. కేసంతా నడిచి తీర్పు వచ్చాక అప్పీల్లో చెప్తే మామూలుగా వినరు.

రెండో దారి: "కోర్టుకు అధికారం ఉందో లేదో అట్లా ఉంచండి, న్యాయం కోసం ఈ కేసును మా జిల్లాకు మార్చండి" అనడం. ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 24. ఒక జిల్లాలోని కోర్టుల మధ్య అయితే జిల్లా కోర్టే మార్చగలదు. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకంటే మాత్రం హైకోర్టుకే వెళ్ళాలి. కేసు ఏ దశలో ఉన్నా అడగొచ్చు. మన హైకోర్టుల్లో దీన్ని ట్రాన్స్‌ఫర్ సీఎంపీ అంటారు.

హైకోర్టు అనగానే మా అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఉన్న కోర్టుకే పోలేక సస్తుంటే ఇంకా పెద్ద కోర్టా?" అని. అందుకే పోయిన భాగం ముందు రాశాను. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987, సెక్షన్ 12 చూడండి. ఎస్సీ, ఎస్టీలకు ఉచిత వకీలు, ఆదాయంతో పని లేదు. స్త్రీలకు, పిల్లలకు కూడా అంతే. మా చెల్లెకు ఆ సెక్షన్లో రెండు తలుపులు తెరిచే ఉన్నాయి, పాపతో లెక్కేస్తే మూడు. హైకోర్టుకు విడిగా లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంటుంది. ఊళ్ళో నుంచే అడగాలనుకుంటే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో దరఖాస్తు ఇవ్వొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. ఇది దానం కాదు, రాజ్యాంగం 39ఎ అధికరణం చెప్పిన మాట.

మాకిచ్చిన మేడం చిన్న వయసామె, ఓపిగ్గా విన్నది. మొదటి డ్రాఫ్టులో అందరూ రాసే వాక్యాలే ఉన్నాయి: పిటిషనర్ నిస్సహాయ మహిళ, కోర్టువారు దయ చూపాలి. మా చెల్లె అది చదివించుకుని విని, "నేను నిస్సహాయురాలిని కాదు మేడం, పొద్దంత పని చేస్తా, కానీ ఒక్క రోజు రెండు చోట్ల ఉండలేను" అంది. మేడం ఒక్క నిమిషం ఆగి, అదే రాసింది. దూరమెంత, బస్సులెన్ని, బయల్దేరే టైమ్, చేరే టైమ్, వాయిదాకు ఖర్చెంత, రోజు కూలి ఎంత, ఆమె వెళ్తే పాపను ఎవరు చూస్తారు, మా అవ్వ మోకాళ్ళ సంగతి, ఎన్ని వాయిదాల్లో ఎన్నిసార్లు కేసు నడిచింది, వరండాలో పెద్దమనిషి అన్న మాట. అన్నీ తేదీలతో సహా.

ఇది ఎందుకు ముఖ్యమంటే, తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. పెళ్ళి గొడవల్లో కేసు మార్చమని అడిగినప్పుడు మన సమాజంలో ఆడవాళ్ళ ఆర్థిక, సామాజిక స్థితి చూసి మామూలుగా భార్య సౌకర్యాన్నే చూడాలని 2022లో ఎన్.సి.వి. ఐశ్వర్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2006లో అనిందితా దాస్ కేసులో అదే సుప్రీంకోర్టు, ఈ వెసులుబాటును కొందరు దుర్వినియోగం చేస్తున్నారని, ప్రతి కేసూ దాని మంచిచెడ్డల మీదే చూడాలని చెప్పి, మార్చడానికి ఒప్పుకోలేదు. ప్రయాణం ఖర్చులు భర్త భరించాలంది. అవతలి వకీలు రెండోది పట్టుకొస్తాడు. "ఖర్చులిస్తాం, రమ్మనండి" అంటాడు. అప్పుడు మనల్ని కాపాడేది జాలి మాటలు కాదు, తేదీలు, లెక్కలు.

ఇంకొకటి. ఆమె తన ఊళ్ళో వేసుకోగల కేసులు ఉంటే ముందే వేసి ఉండటం మేలు చేస్తుంది. గృహహింస చట్టం, 2005, సెక్షన్ 27 ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా కేసు వేయొచ్చు, సెక్షన్ 21 కింద బిడ్డ తాత్కాలిక కస్టడీ కూడా అడగొచ్చు. విడాకులు తనే కోరుకుంటే, 2003లో చేసిన సవరణ తర్వాత భార్య తానుండే చోటే వేయొచ్చు. మనోవర్తి కూడా తానుండే చోటే అడగొచ్చు. అది ఇదివరకు సీఆర్‌పీసీ 125, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 144. మా చెల్లె ఫిబ్రవరిలోనే మా జిల్లాలో గృహహింస కేసు, మనోవర్తి కేసు వేసింది. ఆ రెండూ ఇక్కడే నడుస్తున్నాయి, ఆయన ఎట్లాగూ వాటికి రావాలి, మూడోది కూడా ఇక్కడే పెడితే ఇద్దరికీ ఒకే తిరుగుడు అన్న వాదన హైకోర్టులో బాగా నిలబడింది.

వీడియోలో హాజరైతే సరిపోదా అని మీలో కొందరికి అనిపిస్తుంది. 2017 మార్చిలో కృష్ణవేణి నాగం కేసులో సుప్రీంకోర్టు ఆ దారే చూపింది. అదే ఏడాది అక్టోబర్లో ముగ్గురు జడ్జీల బెంచి, శాంతిని కేసులో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా, దాన్ని పక్కన పెట్టింది. రాజీ ప్రయత్నం విఫలమయ్యాక, ఇద్దరూ కలిసి అడిగితేనే వీడియో అంది. కరోనా తర్వాత కోర్టులకు వీడియో బాగా అలవాటైంది, నిజమే. కానీ మా వాడలో సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ట్యాంకు మీద నిలబడి బిడ్డ కోసం సాక్ష్యం చెప్పమంటారా?

ఇక రెండు రాష్ట్రాల సంగతి. ఇది మనవాళ్ళలో చాలామందికి తట్టదు. 2014 జూన్ 2కు ముందు ఖమ్మం అమ్మాయి మీద విజయవాడలో కేసు పడితే, ఒకే రాష్ట్రం, ఒకే హైకోర్టు. సెక్షన్ 24 కింద హైదరాబాద్‌లోనే తేలిపోయేది. ఇవాళ మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది, 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు కూడా రెండు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సివిల్ కేసు మార్చాలంటే సెక్షన్ 25, సుప్రీంకోర్టు ఒక్కటే దారి. 2008లో దుర్గేశ్ శర్మ కేసులో ఆ సంగతి స్పష్టంగా చెప్పేశారు. అంటే బస్సులో మూడు గంటల దూరం తగ్గించుకోవడానికి ఢిల్లీ దాకా పోవాలి. రాష్ట్రం విడిపోయాక నీళ్ళు, ఉద్యోగాలు, ఆస్తుల పంపకం గురించి ఎన్నో మీటింగులు పెట్టుకున్నాం. సరిహద్దుకు అటూ ఇటూ నలుగుతున్న తల్లుల గురించి నేనైతే ఒక్క మీటింగు చూడలేదు.

వేరే చోట ఎట్లా ఉందో కూడా చూద్దాం. మన విద్యార్థి సంఘంలో పని చేసి ఇప్పుడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక తమ్ముడితో మాట్లాడినప్పుడు అక్కడి పద్ధతి చెప్పాడు, తర్వాత నేనూ చదివాను. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే డల్లాస్, కాలిన్, డెంటన్ పక్కపక్క కౌంటీలు. అక్కడ కస్టడీ తీర్పు ఒకసారి వచ్చాక, దాన్ని మార్చమని మళ్ళీ ఎవరైనా కోర్టుకెక్కితే, బిడ్డ అప్పటికి ఆరు నెలలు లేదా అంతకన్నా ఎక్కువగా అదే రాష్ట్రంలో వేరే కౌంటీలో ఉంటున్నట్టయితే, గడువులోగా అడిగితే చాలు, కోర్టు ఆ కేసును బిడ్డ ఉన్న కౌంటీకి పంపించి తీరాలి. టెక్సాస్ ఫ్యామిలీ కోడ్ 155.201లో ఉంది. అక్కడ జడ్జి ఇష్టాయిష్టాల ప్రశ్న లేదు. ఎవరు ఎక్కువ బీదవాళ్ళు, ఎవరికి మోకాళ్ళ నొప్పులు అని ఎవరూ అడగరు. బిడ్డ ఎక్కడుంది, ఎన్నాళ్ళుగా ఉంది, అంతే.

అక్కడంతా బాగుందని కాదు. అక్కడ వకీలు ఫీజు వింటే మనకు కళ్ళు తిరుగుతాయి. అక్కడి నల్లజాతి తల్లులను అడిగితే వాళ్ళ కోర్టుల కథలు వాళ్ళు చెప్తారు. నేను చెప్పేది ఆ ఒక్క నియమం గురించే. మన సెక్షన్ 9లో ఉన్నదీ ఆ ఆలోచనే, బిడ్డ ఉన్నచోటే కేసు. కానీ మార్చమని సెక్షన్ 24 కింద అడగడానికి వచ్చేసరికి చర్చంతా "భార్య సౌకర్యం" మీదికి మళ్ళిపోతుంది. సౌకర్యం అనగానే అదేదో మనం కుర్చీ అడిగినట్టుంటుంది. దయ చూపేవాళ్ళు చూపుతారు, చూపనివాళ్ళు చూపరు. మనం అడగాల్సింది బిడ్డ పేరు మీద. బిడ్డ అంగన్‌వాడీ ఇక్కడ, డాక్టరు ఇక్కడ, సాక్షులు ఇక్కడ, బిడ్డను కోర్టుకు పిలిస్తే రావాల్సిందీ ఇక్కడి నుంచే. ఇది తండ్రులకు కూడా న్యాయమే. బిడ్డను తండ్రి పెంచుతుంటే, తల్లి ఎక్కడో దూరంగా కేసు వేస్తే, ఆ కేసు కూడా బిడ్డ ఉన్న ఊరికే రావాలి. బిడ్డను ఎత్తుకుపోయి, ఇదే బిడ్డ ఊరు అనేవాళ్ళూ ఉంటారు. అందుకే "మామూలుగా" అన్న మాట, అందుకే ఆరు నెలల లాంటి లెక్క.

ఈ ఊరి లెక్కకూ మన కులం లెక్కకూ ఒక ముడి ఉంది. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డ కులం గురించి 2012లో రమేశ్‌భాయ్ డభాయ్ నాయిక కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, తండ్రి కులమే బిడ్డ కులం అని ముందుగా అనుకోవచ్చు గానీ అదే చివరి మాట కాదు. ఎస్సీ, ఎస్టీ తల్లి పెంపకంలో, ఆమె మనుషుల మధ్య, వాళ్ళు పడే అవమానాలు, లేమి తనూ పడుతూ పెరిగిన బిడ్డ ఆ సంగతి రుజువు చేసుకోవచ్చు. అంటే కస్టడీ కోర్టూ, రేపు కులం సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసూ అడిగేది చివరికి ఒకటే ప్రశ్న: ఈ పిల్ల ఎక్కడ పెరుగుతోంది, ఎవరి మధ్య పెరుగుతోంది? మా పాప పేరు ఎదురుగా గుడ్డు టిక్కులున్న ఆ రిజిస్టర్ నకలు నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాను. పదేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది.

మా కేసు ఏమైందంటే, హైకోర్టు ముందు కింది కోర్టులో విచారణ మీద స్టే ఇచ్చింది. 2024 నవంబర్లో మార్చమని ఆర్డరిచ్చింది. నోటీసు వచ్చిన నాటి నుంచి పది నెలలు. ఆ నెలలోనే పాపకు అయిదేళ్ళు నిండాయి. మొదట గుర్తుపెట్టుకోమన్న వయసు ఇదే. అయిదేళ్ళ లోపు బిడ్డ తల్లి దగ్గరే అని చట్టం ఇచ్చిన చిన్న కంచె, కోర్టు ఏదో తేలేలోపే దాటిపోయింది. ఆ తర్వాత కూడా చూసేది క్షేమమే, కాబట్టి అంతా పోయినట్టు కాదు. కానీ ప్రతి వాయిదా బిడ్డ బాల్యంలోంచి ఒక నెల కోసుకుపోతుందని చదివిన వకీళ్ళకు గుర్తుండాలి.

కేసు మారడమంటే గెలవడం కాదు. అసలు కేసు ఇప్పుడు మా జిల్లాలో నడుస్తోంది. ఆయన నెలకు రెండు ఆదివారాలు వచ్చి పాపను చూసి పోతున్నాడు, కోర్టు చెప్పినట్టే. మా చెల్లె దాన్ని అడ్డుకోలేదు, అడ్డుకోమని నేనూ చెప్పలేదు. పాపకు నాయిన కావాలి. మొదటిసారి కొత్త మనిషిని చూసినట్టు చూసింది, ఇప్పుడు చాక్లెట్ తెస్తాడని ఎదురుచూస్తోంది. ఆ 210 కిలోమీటర్లు ఇప్పుడు ఆయన ప్రయాణం చేస్తున్నాడు. ఒకసారి బస్సు దిగి వచ్చి, "చాలా దూరం" అన్నాడట. మా చెల్లె ఏమీ అనలేదట. మంచినీళ్ళిచ్చిందట.

అదే గ్లాసులో, మేమందరం తాగే గ్లాసులో. ఆయన తాగాడు.

చివరగా పనికొచ్చే మాటలు. మీ వాడలో, మీ తండాలో ఇట్లాంటి నోటీసు వస్తే, ముందు దాన్ని ఫొటో తీసి దాచండి, తేదీ రాసుకోండి. మొదటి వాయిదాకు వెళ్ళండి లేదా వకీలును పంపండి, ఎక్స్‌పార్టీ కానివ్వకండి. బిడ్డ ఇక్కడే ఉంటున్నట్టు కాగితాలు పోగుచేయండి: అంగన్‌వాడీ, టీకాలు, బడి బోనఫైడ్, రేషన్ కార్డు, ఆధార్. ప్రతి ప్రయాణం ఒక నోటు పుస్తకంలో రాయించండి, ఏ బస్సు, ఎంత ఖర్చు, కోర్టులో ఏం జరిగింది అని. వకీలును అడగండి: అధికారం లేదని కౌంటర్లో రాశారా? హైకోర్టుకు వెళ్తున్నారా? ఈ రెండు ప్రశ్నలూ అడిగే హక్కు మీకుంది. లా చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు మాత్రం ఒక్క పని చేయండి. ఒక్క వాయిదాకైనా అలాంటి తల్లితో కలిసి బస్సెక్కండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ అంటే ఏమిటో తెల్లారుజామున నాలుగున్నర బస్సులో బాగా అర్థమవుతుంది.

వచ్చే భాగంలో: కాస్త పెద్ద పిల్లలైతే వాళ్ళ ఇష్టం కూడా జడ్జి అడగొచ్చని 1890 చట్టం సెక్షన్ 17 చెప్తుంది. మరి పిల్లల్ని ఆ గదిలో ఏమడుగుతారు, వాళ్ళు ఏం చెప్పలేకపోతారు? దాని గురించి రాస్తాను.

జై భీమ్.